మోటార్‌స్పోర్ట్స్ రేడియోలో ఆడవాళ్లకు కెరీర్ ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. షార్లెట్‌లో మాస్ కమ్యూనికేషన్ మాస్టర్స్ చేస్తున్నారు, కాలేజీ రేడియోలో ఒక షో చేస్తున్నారు, కార్ల రేసులంటే ప్రాణం, రేసుల రేడియో ప్రసారాల్లో పని చేయాలని ఉంది. ఖమ్మంలో అమ్మానాన్నలేమో "టీవీలు, ఫోన్లు ఉండగా రేడియోలో రేసు ఎవరు వింటారు, అందులో ఆడపిల్లకు పని ఎవరిస్తారు" అంటున్నారు. ఇంజనీరింగ్ చదవలేదు కాబట్టి పనికొస్తానా అని మీకూ అనుమానంగా ఉంది.

కెరీర్ ఉంది. ఇంజనీరింగ్ అక్కర్లేదు. ఉన్న ఊరు కూడా సరైనదే, అది తర్వాత చెప్తాను. అన్నిటికన్నా ముందు ఈ ఒక్క మాట వినండి: పిట్ రిపోర్టర్‌గా (రేసు మధ్యలో కార్లు టైర్లకు, పెట్రోలుకు ఆగే చోటి నుంచి చెప్పే మనిషి) మొదలుపెట్టండి, కానీ పిట్ రిపోర్టర్‌గానే ఉండిపోయేలా తయారవకండి. రేసు కామెంటరీ చెప్పడం మొదటి రోజు నుంచే సాధన చేయండి. ఈ రంగంలో ఆడవాళ్లకు ముందు తెరుచుకున్న తలుపు ఇంటర్వ్యూలది, అన్నిటికన్నా ఆఖరున తెరుచుకున్నది కామెంటరీ కుర్చీది. రెండోది అడగాలంటే మన దగ్గర దాని రికార్డింగ్ ఉండాలి.

నా సంగతి కొంచెం చెప్పాలి. విజయవాడలో ఎఫ్ఎం ఆర్‌జేగా చేశాను, పెళ్లయ్యాక నార్త్ కరోలినా వచ్చాను. ఇక్కడ చిన్న ట్రాకుల మీద జరిగే రేసులకు రేడియో, ఆన్‌లైన్ ఆడియో ప్రసారాల్లో ముందు పిట్స్‌లో మైక్ పట్టుకున్నాను, తర్వాత మలుపు దగ్గర నిలబడి కామెంటరీ చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద నెట్‌వర్క్‌లో నేను లేను. కానీ ఆ నెట్‌వర్క్‌ల మనుషులతో ఒకే కంచె పక్కన నిలబడి పని చేశాను, కొత్తగా వచ్చే అమ్మాయిలకు నేర్పిస్తున్నాను కూడా. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ అమ్మానాన్నల ప్రశ్న, ఎవరు వింటారని. అమెరికాలో రేసు రేడియో వినేవాళ్లలో ఎక్కువమంది ట్రాక్ దగ్గరే ఉంటారు, లేదంటే ఆదివారం మధ్యాహ్నం కారు నడుపుతూనో, షెడ్డులో ఏదో పని చేసుకుంటూనో వింటారు. ఇండియానాపొలిస్ ట్రాక్ రెండున్నర మైళ్లు. స్టాండ్‌లో కూర్చున్న మనిషికి దాంట్లో ఒక ముక్కే కనిపిస్తుంది, మిగతాది చెవులతో చూడాల్సిందే. పైగా ఏటా అక్కడ జరిగే ఇండీ 500 రేసు టీవీ లైవ్‌ను ఆ ఊళ్లో దశాబ్దాల పాటు ఆపేశారు, టికెట్లు అమ్ముడుపోవాలని. వందో రేసు జరిగిన 2016లో టికెట్లన్నీ అయిపోయాక ఆ ఆంక్షను ఆ ఏడాదికి తీశారు. అంటే ఆ ఊరి జనానికి తరాలుగా రేసంటే రేడియోనే. 1952లో మొదలైన ఆ ట్రాక్ రేడియో నెట్‌వర్క్‌లో కామెంటేటర్ సిడ్ కాలిన్స్ గొంతు వింటూ పెరిగినవాళ్లు ఈనాటికీ టీవీ సౌండ్ తీసేసి రేడియో పెట్టుకుని చూస్తారు. అమెరికాలో పెద్ద కార్ల రేసుల సంస్థ నాస్కార్ వైపు ఎమ్ఆర్‌ఎన్ అనే రేడియో నెట్‌వర్క్ 1970లో పుట్టింది, నాస్కార్ వ్యవస్థాపకుడు బిల్ ఫ్రాన్స్ సీనియర్, కామెంటేటర్ కెన్ స్క్వైర్ కలిసి పెట్టారు. పీఆర్‌ఎన్ అనే ఇంకో రేడియో నెట్‌వర్క్ ట్రాకుల యజమాని అయిన స్పీడ్‌వే మోటార్‌స్పోర్ట్స్ కంపెనీది, వాళ్ల ట్రాకుల మీద జరిగే రేసులు అదే ప్రసారం చేస్తుంది. ఈ రెండింటి ఆఫీసులూ కాంకర్డ్‌లోనే, అంటే మీ కాలేజీ నుంచి కారులో వెళ్లొచ్చేంత దూరం. ఊరు సరైనదే అన్నది అందుకే.

ఇప్పుడు అసలు పని. టీవీలో కామెంటేటర్ బొమ్మ మీద మాట్లాడతాడు. రేడియోలో బొమ్మను మనమే వేయాలి. ఓవల్ ట్రాక్ మీద బూత్‌లో ఇద్దరు ఉంటారు, మలుపుల దగ్గర ఎత్తైన ప్లాట్‌ఫారమ్ మీదో, ఏదో ఒక కట్టడం పైకప్పు మీదో ఒక్కొక్కరు నిలబడతారు, కింద పిట్ రోడ్డులో ముగ్గురో నలుగురో రిపోర్టర్లు తిరుగుతుంటారు. కార్లు బూత్ ముందు నుంచి మొదటి మలుపులోకి వెళ్లగానే అక్కడున్న మనిషి మాట అందుకోవాలి, వెనక వైపు దాటగానే తర్వాతి మలుపువాళ్లకు అందించేయాలి. ఇండీలో ఒక ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, నలభై సెకన్ల చిల్లర. నాలుగు మలుపులకు నలుగురు. అంటే ఒక్కొక్కరి చేతిలో పది సెకన్లు, ఆ పది సెకన్లలో ఎవరు ముందు, ఎవరు లోపలి లైన్, ఎంత దూరం, ఎవరు దాటబోతున్నారు, ఇవన్నీ చెప్పి వాక్యం తెగకుండా తర్వాతి మనిషికి అప్పగించాలి. క్రికెట్ కామెంటరీలో బంతికీ బంతికీ మధ్య ఊపిరి పీల్చుకునే టైమ్ ఉంటుంది. ఇక్కడ ప్రమాదం జరిగి కార్లను నెమ్మదించమనే పసుపు జెండా పడేదాకా ఊపిరి ఆడదు, జెండా పడ్డాక పని ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అందరూ పిట్స్‌లోకి వస్తారు.

పిట్ రిపోర్టర్ పని అప్పుడే. ఒంటి మీద ఫైర్‌సూట్, తలకు హెడ్‌సెట్, నడుముకు జట్ల రేడియో మాటలు వినిపించే స్కానర్. ఒక చెవిలో ప్రొడ్యూసర్, ఇంకో చెవిలో డ్రైవర్ తన జట్టు నడిపించే క్రూ చీఫ్‌తో మాట్లాడేది వినపడుతుంటుంది. మీ వాటాకు పది పన్నెండు కార్లు వస్తాయి. కారు ఆగగానే నాలుగు టైర్లా రెండు టైర్లా, పెట్రోలు ఎంతసేపు పట్టారు, వెనక అద్దం దగ్గర రెంచ్ పెట్టి తిప్పారా లేదా, ఇవన్నీ చూడాలి. 2022 నుంచి నాస్కార్‌లో పై స్థాయి సిరీస్ అయిన కప్ కార్ల చక్రానికి ఐదు నట్ల బదులు మధ్యలో ఒకటే నట్ వచ్చింది, దాంతో మొత్తం స్టాప్ పది సెకన్లకు అటూ ఇటూగా అయిపోతుంది. చూసినదాంట్లో ఏది ముఖ్యమో ఏరుకుని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. ఇక్కడే మీ ఇంజనీరింగ్ భయానికి జవాబు కూడా ఉంది. కారు ఎలా తయారవుతుందో తెలియక్కర్లేదు, కారు ఎందుకు ఇలా నడుస్తోందో తెలియాలి. డ్రైవర్ "లూజ్" అంటే మలుపులో కారు వెనక భాగం జారుతోందని, "టైట్" అంటే స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిరగకుండా గోడ వైపు పోతోందని. ఎండ పోయి ట్రాక్ చల్లబడితే పట్టు మారుతుంది, టైర్లు అరిగేకొద్దీ వేగం పడిపోతుంది, పెట్రోలు ఎవరికి సరిపోతుందో లెక్క వేయాలి. ఇదంతా రెండు మూడు సీజన్లు స్కానర్ చెవిలో పెట్టుకుని వింటే వస్తుంది. నేను బీకామ్. క్రూ చీఫ్‌లను రేసుకు ముందు గ్యారేజీలో ఓపిగ్గా అడిగి నేర్చుకున్నాను. శ్రద్ధగా అడిగితే చెప్పేవాళ్లే ఎక్కువ.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పరిస్థితి ఎలా వచ్చిందో తెలియకపోతే మీరు దేనికి సిద్ధపడాలో తెలియదు. 1971 దాకా ఇండియానాపొలిస్‌లో ఆడవాళ్లను గ్యారేజీల్లోకి, పిట్స్‌లోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. జర్నలిస్టు అయినా సరే, జట్టు యజమాని భార్య అయినా సరే. గొడవపడి, పోరాడి, ఆ ఏడాది బెటీ కాడూ అనే స్థానిక జర్నలిస్టు పాస్‌తో లోపలికి వెళ్లారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1977లో, జానెట్ గత్రీ ఏకంగా కారులోనే ఆ రేసులో దిగారు. కానీ రేడియోలో మైక్ ముందుకు రావడం ఇంకా నెమ్మది. 1980లలో ఇండీ నెట్‌వర్క్‌లో సాలీ లార్విక్ ఉండేవారు, ఆవిడకు దక్కింది ఎక్కువగా ఇంటర్వ్యూల పని. రేసు చెప్పేది మగవాళ్లు, రేసు చుట్టూ ఉన్న మనుషులతో మాట్లాడేది ఆవిడ. ఈ పంపకం చాలాకాలం సాగింది.

నాస్కార్ రేడియోలో ఈ గీత దాటింది వెండీ వెంచురీని. ఆవిడ నేపథ్యం తెలుసుకోవాలి. నాన్న బిల్ వెంచురీని 1987లోనూ 1991లోనూ ఆర్కా అనే కార్ల రేసుల సిరీస్‌లో ఛాంపియన్. 1980లలో ఆయన కారుకు టైర్లు మార్చింది, పెట్రోలు పట్టింది పూర్తిగా ఆడవాళ్ల జట్టు, అందులో వెండీ అమ్మ కేథీ ఉన్నారు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి టీవీలో స్పీడ్ ఛానల్‌లో రిపోర్టర్‌గా ఏళ్ల తరబడి పని చేసి, పీఆర్‌ఎన్‌కు వచ్చి, 2010ల మధ్యలో సోనోమా ట్రాక్ దగ్గర కప్ రేసు రేడియో ప్రసారానికి బూత్‌లో కూర్చున్నారు. ఒక మహిళ కప్ రేసును రేడియో బూత్ నుంచి చెప్పడం అదే మొదలు. ఆ కాలం ఇంకోసారి చూడండి, 2010ల మధ్య. ఎమ్ఆర్‌ఎన్ పుట్టిన దాదాపు నలభై ఐదేళ్లకు. రేసుల కుటుంబం, ఏళ్ల అనుభవం, అందరికీ తెలిసిన ముఖం, ఇవన్నీ ఉన్న మనిషికే అంత టైమ్ పట్టింది. టీవీలోనూ అంతే, జేమీ లిటిల్ ఎంతోకాలం పిట్ రిపోర్టర్‌గా చేశాక 2021లో ఆర్కా సిరీస్‌కు ప్రధాన కామెంటేటర్ అయ్యారు.

ఇది చదివి నిరాశపడకండి. నాకు ఇందులో కనిపించేది వేరు. వెండీకి ఆ అవకాశం వచ్చిన రోజున ఆవిడ పని చేయగలిగే స్థితిలో ఉన్నారు. ఇలాంటి అవకాశాలు ఎక్కువగా ఎవరికో వీలు కాని వారమే వస్తాయి. ఒకరికి జ్వరం, ఒకరి కూతురి పెళ్లి, ఒకరి ఫ్లైట్ రాలేదు. అప్పుడు ప్రొడ్యూసర్ చుట్టూ చూసి "ఎవరు చెప్పగలరు?" అంటాడు. నాకూ మలుపు పని అలాగే దొరికింది. అంతకుముందు ఒక ప్రసారానికి పని చేసినప్పుడు అక్కడి ప్రొడ్యూసర్ నాకు ప్రతిసారీ డ్రైవర్ల భార్యలు, పిల్లల ఇంటర్వ్యూలే ఇచ్చేవాడు, అడిగితే "నీ గొంతు దానికి బాగుంటుంది" అనేవాడు. వాదించి లాభం లేదని, రేసు అయ్యాక వీడియో పెట్టుకుని సొంతంగా కామెంటరీ రికార్డు చేసుకునేదాన్ని. ఇంకో ప్రసారంలో ఖాళీ వచ్చినప్పుడు ఆ రికార్డింగే వినిపించాను. నోటితో ఎంత చెప్పినా నమ్మనివాళ్లు రెండు నిమిషాలు విని నమ్మారు.

గొంతు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట మీకూ తప్పకుండా ఎదురవుతుంది. "ఆడగొంతు సన్నం, ఇంజన్ల మోతలో వినపడదు" అంటారు. నిజానికి హెడ్‌సెట్ మైక్ నోటికి అంగుళం దూరంలో ఉంటుంది, మోతను కోసేసి మాటను మాత్రమే తీసుకోవడానికే దాన్ని తయారు చేశారు. ఉద్రేకం వచ్చినప్పుడు స్థాయి పెంచి అరిస్తే మగగొంతైనా ఆడగొంతైనా చెవికి గుచ్చుకుంటుంది. పొట్టలోంచి ఊపిరి తీసి, స్థాయి పెంచకుండా వేగం పెంచడం నేర్చుకోండి. మన యాస గురించి టెన్షన్ పడొద్దు. నాది బెజవాడ ఇంగ్లీషే, డ్రైవర్ల పేర్లు, నంబర్లు స్పష్టంగా పలికితే చాలు, శ్రోత రెండు రేసుల్లో అలవాటు పడతాడు.

గొంతే జీవనాధారం అయినప్పుడు దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి కూడా. బీబీసీ రేడియో 5 లైవ్‌లో ఫార్ములా వన్ పిట్ లేన్ నుంచి మాట్లాడిన జెనీ గౌ పేరు వినే ఉంటారు. 2022 డిసెంబర్ చివర్లో తీవ్రమైన దగ్గు వల్ల ఆవిడకు స్ట్రోక్ వచ్చింది, మాట్లాడటం, రాయడం కష్టమైపోయింది. ఆవిడే 2023 జనవరిలో ఈ సంగతి అందరికీ చెప్పారు. అదే ఏడాది జులైలో సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రికి మళ్లీ మైక్ అందుకున్నారు. ఆ వారాంతం ఆవిడ గొంతు వింటున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, మాట్లాడటమే పనిగా బతికే ఎవరికైనా అంతే అనుకుంటాను. దగ్గు, గొంతునొప్పి ఉన్నప్పుడు "పర్వాలేదు, లాగించేస్తాను" అనకండి.

దారులు ఇంకా ఉన్నాయి. రేసు చెప్పడమే కాకుండా రేసుల గురించి రోజూ మాట్లాడే షోలు ఉన్నాయి. సిరియస్ ఎక్స్ఎమ్ అనే శాటిలైట్ రేడియోలో క్లెయిర్ బి. లాంగ్ అలా పేరు తెచ్చుకున్నారు, అభిమానులు ఫోన్ చేసి ఆవిడతో వాదించుకుంటారు, మీ కాలేజీ షో అనుభవం దీనికి దగ్గర. గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసులంటే ఇష్టమైతే రేడియో లె మాన్ వినండి, ఫ్రాన్స్‌లోని లె మాన్ ట్రాక్ దగ్గర 91.2 ఎఫ్ఎంలో వస్తుంది, ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది. ఇరవై నాలుగు గంటల రేసును ఆపకుండా చెప్పడం ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. ఇమ్సా అనే అమెరికా స్పోర్ట్స్ కార్ల రేసులకు రేడియో పిట్ లేన్‌లో షీ ఆడమ్‌ను ప్రత్యేకంగా వినండి, ఆవిడ కూడా రేసర్ బిల్ ఆడమ్ కూతురే. ప్రశ్న చిన్నగా ఉంటుంది, జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది. మైక్ వెనక పని కూడా చిన్నచూపు చూడొద్దు. ప్రొడ్యూసర్, ఇంజనీర్, స్టాటిస్టిక్స్ రాసిచ్చే మనిషి, ఈ పనుల్లోంచి మైక్ ముందుకు వచ్చినవాళ్లు ఉన్నారు.

డబ్బు, వీసా. ఇది మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. ఇది చాలామందికి వారాంతపు పని, నెల జీతం కాదు. రేసుకు ఇంత అని ఇస్తారు. కప్ సీజన్‌లో ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా పాయింట్ల రేసులే 36. అన్నీ చేసినా మిగతా రోజుల్లో ఇంకో ఉద్యోగం ఉండేవాళ్లే ఎక్కువ. ఎమ్ఆర్‌ఎన్ పిట్ రోడ్డులో దశాబ్దాలుగా వినిపించిన విన్‌స్టన్ కెల్లీ చాలా ఏళ్లు డ్యూక్ ఎనర్జీలో ఉద్యోగం చేస్తూనే ఆ పని చేశారు, తర్వాత షార్లెట్‌లోని నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ నడిపించారు. అంత పేరున్న మనిషికే వేరే ఉద్యోగం ఉండేదంటే మీకు ఉండటం తప్పు కాదు. మీరు స్టూడెంట్ వీసా మీద ఉన్నారు కాబట్టి, ట్రాక్ దగ్గర ఏ పనైనా, డబ్బు ఇవ్వకపోయినా సరే, ఒప్పుకునే ముందు కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. చదువయ్యాక ఓపీటీ, అంటే పని చేసుకునే అనుమతి, పన్నెండు నెలలు ఉంటుంది. ఆ తర్వాత రేసుకు ఇంత అని ఇచ్చే పని చూపించి హెచ్-1బి తెచ్చుకోవడం చాలా కష్టం. కాబట్టి ఆడియో ప్రొడక్షన్‌లోనో, పాడ్‌కాస్ట్ కంపెనీలోనో పూర్తికాల ఉద్యోగం వెతుక్కుంటూ దీన్ని పక్కన పెంచుకోండి.

ఇండియా వెళ్లిపోతే ఎలా అని కూడా రాశారు. నిజం చెప్తున్నాను, అక్కడ రేసు రేడియో అనే ఉద్యోగం ఇప్పటికి లేదు. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు క్రీడల లైవ్ విషయంలో ఆంక్షలున్నాయి, స్థానిక స్థాయి పోటీలకే కామెంటరీ చెప్పుకోవచ్చు. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు జరిగి ఆగింది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ జరిగింది, మరుసటి ఏడాది రద్దయింది. కోయంబత్తూరు, చెన్నై ట్రాకుల మీద జాతీయ రేసులు మాత్రం ఏటా జరుగుతాయి, వాటికి మైకులో చెప్పేవాళ్లు, ఆన్‌లైన్ ప్రసారానికి కామెంటేటర్లు కావాలి. తెలుగులో రేసు చెప్పగలిగే గొంతు ఒకటి ఉంటే బాగుంటుందని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఇక ఈ వేసవిలో ఏం చేయాలి. షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో జూన్, జులై నెలల్లో సాయంత్రాలు చిన్న ట్రాక్ మీద సమ్మర్ షూటౌట్ అనే రేసులు జరుగుతాయి, లెజెండ్స్ అనే చిన్న రేసు కార్లు, పిల్లలు నడిపే బాండొలేరో కార్లు. అక్కడికి వెళ్లండి. శనివారాలు హికరీ స్పీడ్‌వేకో, విన్‌స్టన్ సేలమ్‌లో పావు మైలు బౌమన్ గ్రే స్టేడియానికో వెళ్లండి. టికెట్ కొనుక్కుని స్టాండ్‌లో పైవరసలో కూర్చుని, ఫోన్ రికార్డర్ పెట్టి, గొంతు తగ్గించి కామెంటరీ చెప్పండి. పక్కవాళ్లు చూస్తారు, చూడనివ్వండి. చిన్న ట్రాక్ మీద ల్యాప్ ఇరవై సెకన్ల లోపే, కార్లు ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి, ఇంతకన్నా మంచి సాధన దొరకదు. ఇంటికొచ్చి కళ్లు మూసుకుని వినండి. ఎవరు ముందున్నారో, ఎన్నో ల్యాపో, కార్లు ట్రాక్ మీద ఎక్కడున్నాయో మీకే తెలియకపోతే శ్రోతకు అసలే తెలియదు. "అద్భుతం", "అమేజింగ్" లాంటి మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చూసి వాటిని తీసేయండి, వాటి చోట కారు నంబర్, లైన్, దూరం పెట్టండి. ముందున్న ముగ్గురి పేర్లు తరచుగా మళ్లీ చెప్పండి, రేడియో వినేవాళ్లు మధ్యలో వచ్చి చేరుతుంటారు.

ట్రాక్ దగ్గర ప్రసారం చేసేవాళ్లు కనిపిస్తే మొదటి రోజే మైక్ అడగొద్దు. కేబుళ్లు మోయడానికి, లైనప్ కాగితాలు రాసిపెట్టడానికి మనిషి కావాలా అని అడగండి, చాలాచోట్ల కావాలనే అంటారు. పిట్స్‌లోకి వెళ్లేటప్పుడు నిండు ప్యాంటు, మూసిన బూట్లు, చెవులకు రక్షణ తప్పనిసరి. రాత్రి రేసులకు ఒంటరిగా వెళ్లకుండా స్నేహితురాలినో క్లాస్‌మేట్‌నో తీసుకెళ్లండి. గ్యారేజీలో ఎవరైనా వెకిలిగా మాట్లాడితే నవ్వేసి ఊరుకోకండి, ప్రసార బృందం పెద్దకు ఆ రోజే చెప్పండి. ఇప్పుడు వినేవాళ్లు ఉన్నారు, నేను వచ్చిన కొత్తల్లో అంతగా ఉండేవారు కాదు.

పని అడిగేటప్పుడు వినిపించే డెమో రికార్డింగ్ మూడు నిమిషాలు మించొద్దు. మొదటి నిమిషంలో కామెంటరీ, అదీ రేసు మొదలైనప్పటిదో పసుపు జెండా తర్వాత మళ్లీ పచ్చజెండా ఊపినప్పటిదో పెట్టండి. తర్వాత ఒక పిట్ స్టాప్ రిపోర్టు, ఆఖరున ఓడిపోయిన డ్రైవర్‌తో ఒక ఇంటర్వ్యూ. గెలిచినవాళ్లు అడక్కపోయినా మాట్లాడతారు, ఓడినవాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో ప్రొడ్యూసర్లు చూస్తారు. ముందు ఇంటర్వ్యూ పెట్టారంటే మిమ్మల్ని ఇంటర్వ్యూల మనిషిగానే రాసుకుంటారు, అందుకే ఆ వరస మార్చొద్దు. మొదటి రికార్డింగ్ అయ్యాక నాకు పంపండి, విని ఏ మలుపు దగ్గర మాట ఆగిందో చెప్తాను.